మా నాన్న ఎవరి దండులో ఉన్నాడు?



సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో అయిదుగురు ఆడపిల్లలు మోషే ఎదుట నిలబడతారు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి సెలోపెహాదు అరణ్యంలో చనిపోయాడు. కొడుకులు లేరు. తండ్రి భాగం తమకు ఇవ్వమని వాళ్లు అడుగుతున్నారు. ఈ భాగం మీద మనం ప్రసంగాలు చాలా విన్నాం, ముఖ్యంగా స్త్రీల కూటాల్లో. కానీ ఆ పిల్లలు తమ మనవిలో ముందుగా చెప్పిన మాటను మనం ఎక్కువగా పట్టించుకోం. తమ తండ్రి కోరహు సమూహంలో చేరినవాడు కాడని వాళ్లు మొదటే చెప్పారు. వాటా అడగడం ఆ తర్వాతే.

అలా ఎందుకు చెప్పవలసి వచ్చింది? చనిపోయినవాడు వచ్చి తన సంగతి చెప్పుకోలేడు. అతడు బ్రతికిన రోజుల్లో ఎవరి పక్షాన నిలబడ్డాడో, ఎవరి లెక్కలో అతని పేరు ఉన్నదో బ్రతికున్నవాళ్లే చూపించాలి. అది తేలితేనే వాటా సంగతి ముందుకు నడుస్తుంది. ఈ పని ఈనాటికీ మారలేదు. మన సంఘాల్లో తాతో ముత్తాతో ఫౌజులో పనిచేసిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ట్రంకు పెట్టె అడుగున మడతలు పడి చిరిగిపోతున్న కాగితం ఒకటి ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని పిల్లలు పాస్టరు దగ్గరికి వస్తారు, ఇంగ్లీషు చదివి చెప్పమని.

ఈ మధ్య ఒక తల్లి అలాగే వచ్చింది. వాళ్ల మామగారు రెండవ ప్రపంచ యుద్ధంలో పల్టనులో వంటవాడు. "మా మామ నైజాం ఫౌజు మనిషి అయ్యగారూ. అందుకే మేము బయట చెప్పుకోలేదు" అన్నది. రజాకార్ల రోజులు చూసిన ఊరు అది. నైజాం సిపాయి కోడలు అనిపించుకోవడం ఎవరికి ఇష్టం? కాగితం విప్పి చూస్తే లోపల '19 హైదరాబాద్ రెజిమెంట్' అని ఉన్నది. కింద ముద్రలో మాత్రం 'కుమావూ' అని ఉన్నది. ఇద్దరు మనుషుల కాగితాలు కలిసిపోయాయేమోనని వాళ్ల సందేహం.

కలిసిపోలేదు. ఇది తెలియాలంటే చరిత్రలోకి కొంచెం వెళ్లాలి. హైదరాబాద్ అనే మాట ఒక సైన్యానికి పేరు కాదు, కనీసం మూడు సైన్యాలకు పేరు.

మొదటిది కంటింజెంటు. 1813లో హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ పేరు మీద రస్సెల్ బ్రిగేడు అని ఒక దళం తయారైంది. జీతం నైజాం ఖజానా నుండి, ఆజ్ఞ ఇంగ్లీషు అధికారుల నుండి. తర్వాత దానినే హైదరాబాద్ కంటింజెంటు అన్నారు. దాని ఖర్చు బాకీల కిందనే 1853లో బీరారు జిల్లాలు నైజాం చేతిలోనుండి బ్రిటిష్ పాలనలోకి పోయాయి. తనది కాని సైన్యాన్ని పోషించి చివరికి పత్తి పండే నేల పోగొట్టుకున్నాడు నైజాం. లార్డ్ కర్జన్ 1902లో ఏడాదికి 25 లక్షల రూపాయల మీద ఆ బీరారును శాశ్వత కౌలు కింద రాయించుకున్నాడు. మరుసటి ఏడు కంటింజెంటును రద్దు చేసి, ఆ పటాలాలను బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేశారు. 1922లో ఆ పదాతి పటాలాలకు '19వ హైదరాబాద్ రెజిమెంట్' అని పేరు వచ్చింది. 1945 అక్టోబరు 27న అదే రెజిమెంటు పేరు కుమావూ రెజిమెంట్‌గా మారింది. దాని కేంద్రం ఇప్పుడు ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో ఉన్నది.

కాబట్టి ఆ తల్లి చేతిలోని కాగితం ఒక్క మనిషిదే. చేరినప్పుడు పేరు హైదరాబాద్, విడుదలైనప్పుడు పేరు కుమావూ. ఆయన నైజాం సిపాయి కానే కాదు. ఇన్నేళ్లు వాళ్లు దాచుకున్నది లేని సంగతిని. ఆ మాట చెప్పినప్పుడు ఆమె కొంచెం సేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా ఆయన ఇది వినకుండానే పోయాడు" అన్నది.

రెండవది నైజాం సొంత సైన్యం. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా దాకా వెళ్లిన ఇంపీరియల్ సర్వీస్ అశ్విక దళంలో ఉన్నారు. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర నిలబడిన మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్ల జ్ఞాపకార్థం పెట్టినవే. మన యేసు ప్రభువు నడిచిన నేల మీద మన దక్కను గుర్రాలు నడిచాయని చెబితే యౌవనస్థులు నమ్మరు. రెండవ యుద్ధం నాటికి ఈ సైన్యంలోని పదాతి దళాన్ని 'హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ' అనేవారు.

మలయాలో ఈ రెండు హైదరాబాదులూ ఒకే యుద్ధంలో ఉన్నాయి. 1941 డిసెంబరు 8న జపాను వాళ్లు కోటా భారు తీరాన దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం కాపలాలో ఉన్నది నైజాం సంస్థానపు 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. నెల తిరిగాక, 1942 జనవరి 7 తెల్లవారుజామున స్లిమ్ నది దగ్గర జపాను ట్యాంకులు ముందుగా తొక్కుకుంటూ వచ్చింది 19వ హైదరాబాద్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ మీదికి. మొదటిది సంస్థానపు సైన్యం, రెండవది ఇండియన్ ఆర్మీ. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయినప్పుడు వేలకొలది మనవాళ్లు ఖైదీలయ్యారు. కాగితంలో 'హైదరాబాద్', 'మలయా' అనే రెండు మాటలు మాత్రమే చదివి అర్జీ పెడితే, ఆ అర్జీ వేరే తలుపు తట్టినట్టే. కాగితంలో రెజిమెంటు అని ఉన్నదా, ఇన్‌ఫాంట్రీ అని ఉన్నదా చూడాలి. ముందు 19 అనే అంకె ఉన్నదా చూడాలి.

మూడవది పాతబస్తీ సంగతి. దీని కోసమే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

చార్మినారు నుండి దక్షిణంగా చాంద్రాయణగుట్ట వైపు పోతే బార్కస్ వస్తుంది. హైదరాబాదు వెళ్లిన మన పిల్లలు మండీ, హరీస్ తినడానికి పోయే చోటు అంటే గుర్తుపడతారు. బ్యారక్స్ అనే ఇంగ్లీషు మాటే జనం నోట బార్కస్ అయింది. అక్కడి కుటుంబాల ముత్తాతలు అరేబియా దక్షిణ తీరంలోని హద్రమౌత్ నుండి నైజాం కొలువులోకి వచ్చిన అరబ్బు సిపాయిలు. చావుష్ అని పిలుస్తారు. ఆ మాట కూడా సైన్యంలో ఒక హోదా పేరే. వీళ్ల దళాలు నైజాం రెగ్యులర్ సైన్యంలోవి కావు, ఇర్రెగ్యులర్ ఫౌజులోవి. నజ్మ్-ఎ-జమియత్ అనేవారు.

ఈ ఫౌజులో భర్తీ పద్ధతి వేరు. సర్కారు ఒక్కొక్క సిపాయిని విడిగా పిలిచి రాసుకోదు. జమాదారుతో మాట్లాడుతుంది. జమాదారు తన మనుషులను తెస్తాడు, వాళ్ల జీతం తానే తీసుకుని పంచుతాడు. మన దగ్గర మేస్త్రీ కూలీలను తీసుకుపోయినట్టు. పెద్ద జమాదార్లు పెద్ద ధనవంతులయ్యారు. ఉమర్ బిన్ అవద్ అల్ ఖువైతీ అనే జమాదారు హైదరాబాదులో సంపాదించినదానితో హద్రమౌత్‌లో తన వంశానికి ఒక రాజ్యమే కట్టాడు. ముకల్లా, షిహర్ పట్టణాలను ఆ వంశం 1967 దాకా ఏలింది. కానీ జమాదారు వెనుక నిలబడిన సాదా సిపాయి సంగతి వేరు. అతని పేరు జమాదారుకు తెలుసు, జమాదారు పేరు సర్కారుకు తెలుసు. జమాదారు మాటే ఆ సిపాయికి కాగితం.

ఆ లెక్క 1948 వరకు నడిచింది. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. 18న హైదరాబాద్ సైన్యాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురి ఎదుట లొంగిపోయాడు. ఎద్రూస్ వంశం కూడా హద్రమౌత్ మూలాలదే. అరబ్బు దళాలు రద్దయ్యాయి. అప్పుడు కొత్త ప్రభుత్వం ముందుకు ఒక ప్రశ్న వచ్చింది: ఈ మనుషులు ఈ దేశపువాళ్లా, పరదేశులా? చాలామంది అరబ్బులను నిర్బంధంలో ఉంచారు, కొందరిని ఓడలెక్కించి పంపారు. హద్రమౌత్ అప్పటికే కరువు చూసిన నేల. హైదరాబాదు నుండి వెళ్లే డబ్బు మీద బ్రతికే ఇళ్లు అక్కడ ఎన్నో. ఇక్కడ జీతం ఆగితే అక్కడ పొయ్యి ఆరింది. అలాంటి చోటికి ఇంకా మనుషులను పంపితే వాళ్లు ఏం తిని బ్రతకాలి?

ఈ ప్రశ్నకు చట్టం జవాబు రాజ్యాంగం 5వ అధికరణంలో ఉన్నది. 1950 జనవరి 26 నాటికి భారతదేశంలో స్థిరనివాసం ఉండాలి. దానితోపాటు ఇక్కడ పుట్టినవాడైనా, తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టినా, అంతకు ముందు కనీసం 5 ఏళ్లు ఇక్కడే కాపురం ఉన్నా పౌరుడే. ఒకరు అంటే తండ్రే కావలసిన పని లేదు. బార్కస్‌లో ఈ మాట విలువ ఎంతో ఆలోచించండి. సిపాయి ఓడలో వచ్చినవాడు కావచ్చు, భార్య హైదరాబాదు ఆడపడుచు. ఇక్కడ పుట్టిన పిల్లలను మువల్లద్ అంటారు. తండ్రి భర్తీ కాగితం లేకపోయినా తల్లి పుట్టిన చోటు ఆ పిల్లల పక్షాన సాక్ష్యం పలికింది. వచ్చిన తేదీ చూపించాలంటే మాత్రం తండ్రి కొలువు లెక్కే దిక్కు. ఏ సంవత్సరం నుండి జీతం తీసుకున్నాడు, ఏ జమాదారు కింద. జీతపు చిట్టా ఒకటి దొరికితే అయిదేళ్ల కాపురానికి అదే సాక్ష్యం.

ఎజ్రా గ్రంథం 2వ అధ్యాయంలో చెరనుండి తిరిగివచ్చిన యాజకుల్లో కొందరు తమ వంశావళి గ్రంథంలో పేర్లు వెదికి కనుగొనలేకపోయారు. వాళ్లు అబద్ధికులని ఎవరూ అనలేదు. పేర్లు దొరకలేదు, అంతే. ఊరీము తుమ్మీము గల యాజకుడు వచ్చేదాకా ఆగమని అధికారి చెప్పాడు. అలా ఎంతకాలం ఆగారో లేఖనం చెప్పదు. 1948 తర్వాత బార్కస్ ఇళ్లలో ఆగినవాళ్ల గురించి చదివినప్పుడు నాకు ఆ అధ్యాయమే జ్ఞాపకం వచ్చింది. ఇంకొక సంగతి కూడా. ఏ తేదీని బట్టి ఆ సిపాయిల పౌరసత్వం తేల్చాలో, అదే 1950 జనవరి 26న వాళ్ల యజమాని మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖుడయ్యాడు. ఉప్పు పెట్టినవాడి స్థానం గురించి ఎవరికీ సందేహం రాలేదు. ఉప్పు తిన్నవాడే రుజువు చూపించుకోవలసి వచ్చింది. నా మట్టుకు నాకు ఇది న్యాయంగా కనిపించదు.

కాగితం లేదు అంటున్నాను గాని, హైదరాబాదు నేల కాగితాలకు కరువైనది కాదు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలు చక్రవర్తులు షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కను పత్రాలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో అర్జ్-ఓ-చెహ్రా అని ఒక రకం ఉన్నది. చెహ్రా అంటే ముఖం. ఫౌజులో చేరినవాడి పేరు, తండ్రి పేరు, జాతి, ఊరితోపాటు ముఖం ఎలా ఉంటుందో రాసేవారు. రంగు, కనుబొమ్మలు, ముక్కు, మచ్చ ఎక్కడ, గాటు ఎక్కడ. గుర్రం రంగు, దాని మీద వేసిన వాత గుర్తు కూడా. ఫొటో లేని రోజులు కదా. ఒకడి పేరు మీద ఇంకొకడు జీతం తినకుండా కట్టిన కంచె అది. ఈనాటి పదవ తరగతి సర్టిఫికెట్‌లో రాసే పుట్టుమచ్చల వరుసకు తాత లాంటిది. మూడు వందల ఏళ్లకు పైగా గడిచాక కూడా ఒక పేద సిపాయి కనుబొమ్మ ఎలా ఉండేదో పారసీ చదవగలిగినవాడికి తెలుస్తుంది. అతని సేనాపతులకు చాలామందికి ఆ భాగ్యం లేదు.

ఇక మన ఇళ్ల సంగతికి వస్తాను. భర్తీ కాగితంలో మనవాళ్లు పట్టించుకోని గడి ఒకటున్నది. మతం అనే గడి. మన గ్రామాల్లో అందరికీ తెలిసి ఎవరూ మాట్లాడని విషయం ఏమిటంటే, ఆదివారం ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు. ఇంట్లో ముత్యాలు, బాప్తిస్మంలో పేతురు, పల్టను రిజిస్టరులో గుమాస్తాకు వినబడినట్టు ఇంకేదో. ఆ గడిలో క్రైస్తవుడు అని ఉంటే ఒక చట్టం, హిందువు అని ఉంటే మరొక చట్టం అని వాదన మొదలవుతుంది. క్రైస్తవులకు 1925 నాటి ఇండియన్ సక్సెషన్ చట్టం. వీలునామా లేకుండా చనిపోతే భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు. కొడుకని ఎక్కువ, కూతురని తక్కువ లేదు. సమానం. సెలోపెహాదు కుమార్తెలకు అన్నదమ్ములు లేరు కాబట్టి భాగం వచ్చింది. మన కూతుళ్లకు అన్నదమ్ములు ఉన్నా వస్తుంది. పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదా అని సంతకాలు పెట్టించుకునే పెద్దలు ఇది గమనించాలి.

అదే చట్టంలో 65, 66 సెక్షన్లు సైనికుల కోసమే ఉన్నాయి. యుద్ధంలో ఉన్న సైనికుడు, 18 ఏళ్లు నిండినవాడు, నోటిమాటగానైనా వీలునామా చెప్పవచ్చు. ఇద్దరు సాక్షులు ఒకేసారి దగ్గర ఉండి వినాలి. అతడు ప్రాణాలతో బయటపడి ఆ యుద్ధ స్థితి ముగిసిపోతే, నెల తర్వాత ఆ నోటిమాట చెల్లదు. కానీ తన చేతితో పూర్తిగా రాసినదైతే సంతకం, సాక్షులు లేకపోయినా వీలునామాగా నిలబడవచ్చు. ఈ సౌకర్యం హిందూ సైనికుడికి ఆ చట్టం ఇవ్వలేదు. కాబట్టి యుద్ధం నుండి తాత రాసిన ఉత్తరంలో "నాకేమైనా అయితే చెరువు కింది మడి చిన్నదానికి" అని ఉంటే, అది ఉత్తరమా వీలునామా అన్నది ఆ మతం గడి మీద కూడా ఆధారపడుతుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. సంస్థానం రోజుల్లో బ్రిటిష్ ఇండియా చట్టాలు నైజాం నేల మీద వాటంతట అవి చెల్లేవి కావు. చనిపోయిన తేదీ, పొలం ఉన్న చోటు రెండూ చూపించి వకీలును అడగండి. పాస్టరు చెప్పాడని కోర్టుకు పోవద్దు.

పించను వేరే సంగతి. కుటుంబ పించను చనిపోయినవాడి ఆస్తి కాదు, దానిని వీలునామాలో ఎవరికీ రాసివ్వడానికి లేదని 1991లో సుప్రీం కోర్టు వయొలెట్ ఐజాక్ కేసులో తేల్చింది. అది రైల్వే ఉద్యోగి కేసు. పించను రూల్సులో ఎవరి పేరు ఉంటే వాళ్లకే. అన్నదమ్ములు పంచుకునే వస్తువు కాదది, విధవరాలి అన్నం. తిరిగిరానివాళ్ల గురించి కూడా అడుగుతారు. ఒక మనిషి బ్రతికి ఉంటే సహజంగా ఎవరికి తెలుస్తుందో వాళ్లకు 7 ఏళ్లు ఏ కబురూ లేకపోతే, బ్రతికున్నాడని చెప్పేవాడే రుజువు చేయాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది 108వ సెక్షను, కొత్త భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 111. కానీ ఏ తేదీన చనిపోయాడో ఆ సెక్షను చెప్పదు. తేదీ కావాలంటే వేరే సాక్ష్యం వెదకాలి.

ఆ వెదకడానికి దారులున్నాయి. యుద్ధాల్లో మరణించినవాడైతే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరు చూడండి, డబ్బు అవసరం లేదు. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుండి 1921 ఆగస్టు 31 వరకు, రెండవదానికి 1939 సెప్టెంబరు 3 నుండి 1947 డిసెంబరు 31 వరకు చనిపోయినవాళ్ల పేర్లు వాళ్లు ఉంచుతారు. మలయాలో సమాధి లేకుండా పోయినవాళ్ల పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం గోడల మీద ఉన్నాయి. బ్రతికి ఇంటికి వచ్చినవాడైతే రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాయాలి. మద్రాసు రెజిమెంటుకు నీలగిరిలోని వెల్లింగ్టన్, మద్రాసు సాపర్లకు బెంగళూరు, కుమావూకు రాణీఖేత్. దారి తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. పేరు కంటే సిపాయి నంబరు ముఖ్యం. పేరును నాలుగు రకాలుగా రాస్తారు గాని నంబరు మారదు.

అలాంటి కాగితం మీ ఇంట్లో ఉంటే ఇస్త్రీ చేయవద్దు, లామినేషను చేయించవద్దు. మడతల దగ్గర సెల్లోటేపు వేయవద్దు. ఫోనులో రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి, వెనుక పెన్సిలుతో రాసిన అంకెలు కూడా పడేలా. ఆదివారం ఆరాధన అయిన తర్వాత నేను మందిరంలోనే ఉంటాను. అసలు కాగితం ఇంట్లో ఉంచి, జిరాక్సు తీసుకుని రండి.